అడిగినన్నిసార్లూ అవునని

రాజ్ కుమార్‌కి ‘కాదు’ అనడం చేతకాదు. అది మంచితనమని వాళ్ళమ్మ సుగుణమ్మ మురిసిపోయేది. మెతకతనమని భార్య జ్యోత్స్న విసుక్కుంటుంది. బాపట్లలో చర్చి కుర్చీలు సర్దడం దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ గ్యాసు బండ మోయడం దాకా జనం అతని నెత్తిన పెట్టే పనులు చూస్తే మాత్రం అదొక రోగమేమో అనిపిస్తుంది. ఎవరేం అడిగినా ముందు "అలాగేనండి" అనేస్తాడు. ఆ పని తన వల్ల అవుతుందా లేదా అన్నది ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చున్నాక ఆలోచిస్తాడు.

రెండు వేల ఎనిమిదిలో అతను బాపట్లలోనే ఒక కేంద్రంలో కంప్యూటర్ ఆపరేటరు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి మందులు, కాస్త పోషణ, అంతకంటే ఎక్కువగా ధైర్యం ఇచ్చే చోటు అది. గేటు మీద ఆ మాట ఎక్కడా ఉండదు. ‘కుటుంబ ఆరోగ్య కేంద్రం’ అని రాసి, పక్కన పసిపాప బొమ్మ వేయించారు. రేపల్లె మనిషి రేపల్లె ఆసుపత్రికి వెళ్ళడు, ఎవరైనా చూస్తారని బాపట్ల వస్తాడు. బాపట్ల మనిషి గుంటూరు పోతాడు. ఆ జబ్బు మనిషిని చంపడానికి ఏళ్ళు పడుతుంది, దాని పేరు బయటికొస్తే ఒక్క పూట చాలు.

అందుకే అక్కడ అన్నిటికీ తాళాలు. బీరువాకి తాళం, మందుల గదికి తాళం, ఆఖరికి కంప్యూటర్‌లోని డిస్కుకి కూడా తాళం. ఆ డిస్కు తాళం వేసిపెట్టింది తెనాలి వాసిం. వడ్లమూడి వైపు కాలేజీలో పాఠాలు చెప్తూ, సెలవు దొరికినప్పుడు కేంద్రం కంప్యూటర్ పని ఉచితంగా చేసిపెట్టేవాడు. డిస్కు మీద రాసే ప్రతి అక్షరాన్నీ గిలక్కొట్టి రాసే ఏర్పాటు అది. పాస్‌వర్డు కొడితేనే మళ్ళీ మామూలు అక్షరమవుతుంది. దొంగ ఎత్తుకెళ్ళినా వాడికి మిగిలేది చెత్తే. పని పూర్తయిన రోజు వాసిం ఒక్క మాట చెప్పి వెళ్ళాడు.

"రాజ్ కుమార్ గారూ, ఈ సిస్టమ్‌లో కెర్నెల్ అని ఒకటుంటుంది, లోపల అన్నిటినీ నడిపేది అదే. దాన్ని ఎప్పుడైనా మార్చాల్సొస్తే నాకు ఫోన్ చెయ్యకుండా చెయ్యొద్దు."

"అలాగేనండి" అన్నాడు రాజ్ కుమార్.

కంప్యూటర్ పని ఒక్కటే కాదు, రేపల్లె వైపు ఇళ్ళకి మందులు చేరవేసే పని కూడా అతనిదే. ఫలానా కేంద్రం నుంచి వచ్చానని గుమ్మంలో చెప్పుకోలేడు కదా, ఇంటికో వేషం. ఒక ఇంట్లో అతను రొయ్యల మేత కంపెనీ మనిషి, ఇంకో ఇంట్లో దూరపు చుట్టం. రజియా ఇంటికి మాత్రం జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన బేరం. రజియా రేపల్లెలో కుట్టుమిషను మీద బతుకుతున్న మనిషి. మొగుడు లారీ డ్రైవరు, ఆమెకి జబ్బు అంటించి తాను ముందు వెళ్ళిపోయాడు. ఇంట్లో అత్తగారు, రెండో తరగతి చదివే కూతురు కౌసర్. జబ్బు సంగతి వాళ్ళిద్దరికీ తెలియదు. వెళ్ళినప్పుడల్లా రాజ్ కుమార్ సంచిలో పైన ఒక జాకెట్టు ముక్క, కింద మందుల డబ్బా. జ్యోత్స్నకి చీరల కంటే జాకెట్లు ఎక్కువైపోయాయి.

"ఈ జన్మకి చాలండీ బాబూ, ఇంక చీరలున్న వేషమేదైనా వెయ్యండి" అనేది ఆమె.

కేంద్రం నడిపే ప్రమీలారాణి మేడమ్‌కి ఆ ఏడాది మొదట్లో ఒక ఆలోచన వచ్చింది. తల్లులు తమ పిల్లలకి చెప్పదలుచుకున్నది చెప్తే రికార్డు చేసి దాచి, పిల్లలు పెద్దయ్యాక ఇవ్వాలని. చదువొచ్చినవాళ్ళు ఉత్తరం రాసుకుంటారు, రానివాళ్ళకి గొంతే దిక్కు కదా. అందరూ జంకారు. ముందుకొచ్చింది రజియా ఒక్కతే.

మేడమ్ పెట్టిన నియమం ఏమిటంటే, మైకు సరిచూసి రాజ్ కుమార్ బయటికొచ్చి తలుపు వేసేయాలి. తల్లి బిడ్డకి చెప్పుకునేది మూడో మనిషి వినకూడదు. మొదటిసారి రజియాకి నవ్వు ఆగక, అతను తలుపు దాకా వెళ్ళకముందే ఆపించింది. ఆ ముక్క చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టి అతను బయటికొచ్చాడు. వరండాలో బల్ల మీద కూర్చుని చాలాసేపు ఎదురుచూశాడు. తలుపు తీసుకుని వచ్చినప్పుడు ఆమె కళ్ళు వాచిపోయి ఉన్నాయి, ముఖం మాత్రం తేటగా ఉంది.

"అంతా చెప్పేశానన్నయ్యా. వాళ్ళ నాన్న సంగతి, నా సంగతి, అది ఎట్టా ఉండాలో, ఎవరిని నమ్మకూడదో, అంతా. ఇంక నాకేం బెంగ లేదు" అంది. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "అది ఇంటికి మాత్రం తేవద్దు. అందులో జబ్బు పేరు చెప్పాను. కౌసర్ పది పాసయ్యాక ఇవ్వండి. నేనున్నా సరే, లేకున్నా సరే."

"అలాగేనమ్మా" అన్నాడు రాజ్ కుమార్.

రికార్డు చేసింది ఏదీ తాళం వేసిన డిస్కు దాటి బయట ఉండకూడదని మరో నియమం. అందుకని రెండో కాపీ లేదు.

వర్షాలు మొదలైనప్పుడు రజియాకి తలలో ఏదో వాపు వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో బతికి బయటపడింది గానీ ఓ పక్క పడిపోయింది, దాంతోపాటు మాట పడిపోయింది. చెయ్యి మెల్లగా తేరుకుంది, మళ్ళీ మిషను తొక్కింది. మాట మాత్రం తిరిగి రాలేదు. నోరు తెరిస్తే గొంతులోంచి బరువుగా ఒక శబ్దం వస్తుంది, అంతే. దసరా సెలవులయ్యాక రాజ్ కుమార్ మందులు తీసుకెళ్ళినప్పుడు, అత్తగారు పెరట్లో ఉన్న సమయం చూసి ఆమె అతని చొక్కా పట్టుకుంది. మైకు పట్టుకున్నట్టు పిడికిలి నోటి దగ్గర పెట్టి, ఆ చేతినే చెవి దగ్గరికి తెచ్చింది. అర్థమైంది అతనికి. తన గొంతు తనకి ఒక్కసారి వినాలని ఉంది. చెప్పింది భద్రంగా ఉందో లేదో తెలుసుకోవాలని ఉంది.

"అలాగేనమ్మా, ఈసారి వచ్చేటప్పుడు ఫోనులో ఎక్కించుకొస్తాను. చెవిలో పెట్టుకుని నువ్వొక్కదానివే విందువుగాని" అన్నాడు. డిస్కు దాటి బయటికి తేకూడదన్న నియమం గుమ్మం దాటాక గానీ గుర్తు రాలేదు.

ఆ వారంలోనే పైఆఫీసు నుంచి సీడీ వచ్చింది, వెనకే ఫోను. కొత్త ప్రింటరు పనిచేయాలంటే కెర్నెల్ మార్చాలి, అన్ని కేంద్రాలూ వెంటనే మార్చేయాలి, సాయంత్రానికి అయిపోయిందని చెప్పాలి. "అలాగేనండి" అన్నాడు. ఫోను పెట్టాక వాసింకి ఇచ్చిన ‘అలాగేనండి’ గుర్తొచ్చింది. వాసిం చెల్లెలి పెళ్ళి ఆ రోజే. పెళ్ళి పనుల్లో ఉన్న మనిషిని కదిలించడం ఎందుకని మొహమాటపడ్డాడు. మన కొంపలు చాలామటుకు మొహమాటం వల్లే మునుగుతాయి. అయినా దాన్ని ఎవరూ తప్పు కింద జమకట్టరు.

సీడీ పెట్టాడు, కెర్నెల్ మారింది, మిషను మళ్ళీ లేచింది. పాస్‌వర్డు అడిగింది. కొట్టాడు. కిమ్మనకుండా ఒప్పుకుంది. హమ్మయ్య అనుకునేలోపు తెర నిండా తప్పులు. డిస్కులో ఈ ముక్క చెడింది, ఆ ముక్క లెక్క కలవట్లేదు, ఈ ఫైలు ఉండాల్సినంత లేదు. మధ్యమధ్య తెలిసిన పేర్లు కూడా కనిపిస్తున్నాయి. పాస్‌వర్డు ఒప్పుకుందంటే తాళం బాగానే ఉన్నట్టు, రోగం డిస్కుకే వచ్చినట్టు అనుకున్నాడు రాజ్ కుమార్. ఎవరైనా అలాగే అనుకుంటారు.

తప్పులు సరిచేసే ప్రోగ్రాం నడిపాడు. అది ప్రతి తప్పు దగ్గరా ఆగి, మర్యాదగా అడిగింది. ఇది సరిచేయమంటావా? అవునంటే ‘వై’ నొక్కాలి, కాదంటే ‘ఎన్’.

బాగుచేస్తానంటే వద్దనేవాడు ఎవడు? అందులోనూ రాజ్ కుమార్. వై నొక్కాడు. ఇంకోటి అడిగింది. వై. ఇంకోటి. వై. కాసేపటికి ఏం అడుగుతోందో చదవడం మానేశాడు. పెద్దసారు మాట్లాడుతుంటే తలూపుతూ నిలబడ్డ గుమాస్తాలాగా నొక్కుతూనే ఉన్నాడు. ఆఖరికి అడగడం ఆపేసింది. డిస్కు శుభ్రంగా ఉందని చెప్పింది.

శుభ్రంగానే ఉంది. లోపల ఫైళ్ళు సగానికి సగం లేవు. మిగిలినవి తెరుచుకోవడం లేదు. మందుల వివరాలు కాగితాల మీద కూడా ఉన్నాయి, తిరిగి ఎక్కించుకోవచ్చు. రజియా గొంతు కాగితం మీద లేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు, తిరిగొచ్చి కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. మేడమ్‌కి చెప్తే ఆమె కోప్పడలేదు. నెమ్మదిగా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు ఆ కౌసర్‌కి ఏం చెప్తాం రాజ్ కుమార్?" అంది.

అతను వంగి కంప్యూటర్ తీగలు ఊడదీయడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున్నే కంప్యూటర్ పెట్టెని దుప్పట్లో చుట్టి, తెనాలి పాసింజరెక్కి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నిడుబ్రోలులో ఎక్కిన పెద్దాయన ఒకడు దాన్ని తేరిపార చూసి, "ఏంటి బాబూ అది, టీవీనా?" అన్నాడు.

"అవునండి" అన్నాడు రాజ్ కుమార్.

"పాడైందా?"

"అవునండి."

"బాగవుద్దిలే. తెనాల్లో బాగుచెయ్యనిది లేదు" అని దీవించినట్టు చెప్పి, పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు. ఆ మాట వినగానే రాజ్ కుమార్‌కి ఏడవాలనిపించింది.

తెనాలిలో వాసిం ఇంటి ముందు పెళ్ళి పందిరి ఇంకా విప్పలేదు. మేడ మీద గదిలో వాసిం పెట్టె విప్పి, ముందు డిస్కు మొత్తానికీ నకలు తీశాడు. ఏం చేసినా నకలు మీదే చేస్తానన్నాడు. అది అయ్యేసరికి మధ్యాహ్నమైంది. కింద నుంచి బిర్యానీ వచ్చింది. రాజ్ కుమార్ కంచం పక్కకి జరిపాడు. వాసిం తెర మీద ఏవేవో అంకెలు చూస్తూ, ఒకచోట ఆగి, ఇంకోచోట ఆగి, చివరికి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇది చూడండి. డిస్కు ఒక పుస్తకం అనుకుంటే, ప్రతి పేజీలో మొదటి లైను మాత్రమే అలుక్కుపోయింది. మిగతా లైన్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. డిస్కు చెడితే ఇంత వరసగా చెడదు" అన్నాడు.

"మరి ఏంటి సార్?"

"డిస్కుకి ఏమీ కాలేదు. కొత్త సిస్టమ్ తాళం లెక్క కొద్దిగా మార్చుకుంది. పాస్‌వర్డు అదే, లెక్క వేరు. మన ఏర్పాటులో పాస్‌వర్డు తప్పో ఒప్పో అది చెప్పదు, ఏది కొట్టినా తెరుస్తుంది. అందుకే మొదటి లైన్లన్నీ తప్పుగా కనిపించాయి. పాత లెక్క వాడమని ఒక్క ముక్క చెప్తే చాలు, ఉన్నది ఉన్నట్టు వచ్చేసేది." వాసిం కళ్ళు నలుపుకున్నాడు. "ఆ ముక్క ముందే రాసిపెట్టి ఉంచాల్సింది. మామూలుగా ఉండేదే కదా, మారదులే అని వదిలేశాను. అది నా పొరపాటు."

రాజ్ కుమార్ ముఖం ఒక్కసారిగా వెలిగింది. "అయితే ఇప్పుడు ఆ ముక్క చెప్పండి సార్!"

"చెప్పాను. తెరిచాను." వాసిం అతని వైపు చూడలేదు. "మీరు సరిచేసే ప్రోగ్రాం నడిపారా?"

"నడిపానండి."

"అడిగినప్పుడు వై నొక్కారా?"

"నొక్కానండి."

"ఎన్నిసార్లు?"

"అడిగినన్నిసార్లూ."

వాసిం తెర వైపే చూస్తూ జరిగింది చెప్పాడు. డిస్కులో ఒక్క తప్పు కూడా లేదు. లేని తప్పుల్ని సరిచేయమంటావా అని మిషను అడిగింది, ఇతను చేయమన్నాడు. మంచిగా ఉన్నదాన్ని చెరిపి, దాని మీద చెత్త రాసింది. రజియా ఫైలు ఎక్కడెక్కడ ఉందో చెప్పే గుర్తులు పోయాయి, ఫైలు మీద కూడా వేరేవి పడ్డాయి. ఒక్కసారి ఎన్ నొక్కి ఫోన్ చేసి ఉంటే, పెళ్ళిలో ఉన్నా తాను ఒక్క నిమిషంలో చెప్పేవాడు.

"వెతుకుతాను. ఏ ముక్క దొరికితే ఆ ముక్క" అన్నాడు వాసిం.

రాజ్ కుమార్ మెట్లు దిగి పందిరి కింద కూర్చున్నాడు. చిన్నప్పట్నుంచీ తాను అన్న ‘అలాగే’లన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఒక్కటి, ఒకే ఒక్కటి మింగేసి ఉంటే సరిపోయేది. సిగ్గేసింది, కోపమొచ్చింది, ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. మిషను మీద చూపిద్దామంటే అది అడిగే చేసింది పాపం.

వాసిం కాలేజీకి సెలవు పెట్టి మరీ వెతికాడు. ఆ వారం చివర్లో కబురొస్తే రాజ్ కుమార్ మళ్ళీ తెనాలి వెళ్ళాడు. అసలు రికార్డింగు దొరకలేదు. దొరికిన చోట గరగర తప్ప ఏమీ లేదు. దొరికిందల్లా ఒక చిన్న ముక్క. ఎప్పుడో చెరిపేసింది కాబట్టి ఖాళీ జాగా అనుకుని సరిచేసే ప్రోగ్రాం దాని జోలికి పోలేదు. వాసిం వినిపించాడు. ఒక్క మాటకే రాజ్ కుమార్ గుర్తుపట్టాడు. తన చేత్తో చెరిపేసిన ఆ మొదటి ప్రయత్నం.

"ఇదొక్కటే సార్?"

"ఇదొక్కటే."

ఆ ముక్కని ఫోనులో ఎక్కించుకుని తెనాలిలోనే రేపల్లె బండెక్కాడు. ఎక్కే ముందు స్టేషను బయట జాకెట్టు ముక్క ఒకటి కొన్నాడు, రంగు చూడకుండా. వేమూరు దాటింది, భట్టిప్రోలు దాటింది, ఏమని చెప్పాలో ఇంకా తేలలేదు. ‘ఉందమ్మా, భద్రంగా ఉంది’ అంటే ఆమె నమ్ముతుంది. కౌసర్ పది పాసయ్యేనాటికి ఎవరుంటారో ఎవరు పోతారో. ఆ అబద్ధం వల్ల రజియా హాయిగా నిద్రపోతుంది కూడా. పల్లెకోన దగ్గర బండి ఆగినంతసేపూ అతను అదే ఖాయం చేసుకున్నాడు.

గుమ్మంలో అత్తగారు ఎదురైంది. "జాకెట్టాయన వచ్చాడు" అని లోపలికి కేకేసి, నీళ్ళు పట్టడానికి పంపు దగ్గరికి వెళ్ళింది. రజియా మిషను ఆపింది. జాకెట్టు ముక్క అందుకోకుండా అతని జేబు వైపే చూసింది. తర్వాత అతని ముఖంలోకి చూసింది. కనుబొమ్మలు పైకెత్తి, అరచెయ్యి గుండె మీద పెట్టుకుంది. భద్రమేనా అని.

ఉందమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్నేళ్ళ అలవాటు అది. రాజ్ కుమార్ నేల మీద రాలిన గుడ్డ పీలికలు చూస్తూ నిలబడ్డాడు.

"లేదమ్మా" అన్నాడు. "పోయింది. నేనే పోగొట్టాను."

అతను చెప్పగలిగినంత చెప్పాడు. కెర్నెలు, తాళం లెక్క ఆమెకి ఏం అర్థమైందో గానీ, అడిగినన్నిసార్లూ అవునన్నానని చెప్పినప్పుడు మాత్రం ఆమె తల చిన్నగా ఊగింది. అతని సంగతి ఆమెకీ తెలుసు. కన్నీళ్ళు వచ్చాయి, పైట కొంగుతో అద్దుకుంది. అరవలేదు, తిట్టలేదు. తిట్టడానికి మాట కావాలి కదా. ఆమె తిడితే బాగుండునని అతనికి ఎంతగా అనిపించిందో చెప్పలేం.

"ఒక్క చిన్న ముక్క దొరికిందమ్మా" అని ఇయర్‌ఫోను వైర్లు ఆమె చేతికిచ్చాడు.

ఒకటి చెవిలో పెట్టుకుంది. అతను బొత్తాం నొక్కాడు. ఆమె ఉలిక్కిపడింది. తన గొంతు తనకే కొత్తగా ఉన్నట్టు, ఎవరో ఇంట్లోకి వచ్చినట్టు గుమ్మం వైపు చూసింది. అప్పుడే బడి నుంచి వచ్చిన కౌసర్ సంచి గిరాటేసి, "మామూ, ఏంటది, పాటలా?" అని మీదికి వచ్చింది. రజియా అన్నయ్యా అంటే కౌసర్‌కి అతను మామూ. రాజ్ కుమార్ గాభరాగా ఫోను లాక్కోబోయాడు. రజియా వారించింది. ఆ ముక్కలో జబ్బు పేరు లేదు, భయపడాల్సింది ఏమీ లేదు. రెండో వైరు తనే తీసి కూతురి చెవిలో పెట్టింది.

అతను మళ్ళీ నొక్కాడు. వాళ్ళకి వినిపిస్తున్నది అతనికి వినబడకపోయినా మాట మాటా తెలుసు. ‘అవుతోందా అన్నయ్యా? ఎర్ర లైటు వెలిగింది... కౌసర్, అమ్మీని మాట్లాడుతున్నాను. అబ్బ, ఆగండాగండి, నవ్వొస్తోంది. దీనికి ఏమని చెప్పాలి? నా బంగారం... కాసేపు ఆపండన్నయ్యా, మళ్ళీ చెప్తాను.’

కౌసర్ నోరు తెరుచుకుని విన్నది. వర్షాలు మొదలయ్యాక ఆ గొంతు వినడం ఆ పిల్లకి ఇదే మొదటిసారి. "అమ్మీ, నువ్వే!" అని ఎగిరింది. తర్వాత రాజ్ కుమార్ వైపు తిరిగింది. "మళ్ళీ చెప్తానంది కదా మామూ. తర్వాత ఏం చెప్పింది?"

తర్వాత అతను తలుపు వేసి వరండాలో కూర్చున్నాడు. నియమం ప్రకారం.

"నాకు తెలీదమ్మా" అన్నాడు. ఒకే పూట రెండుసార్లు కాదనడం అతని జీవితంలో అదే మొదలు.

కౌసర్ తల్లి వైపు తిరిగి గడ్డం పట్టుకుంది. "నీకు తెలుసు కదా అమ్మీ. ఆపేశావేంటి? చెప్పు."

రజియా కూతురి ముఖం రెండు చేతుల మధ్యకి తీసుకుంది. నోరు తెరిచింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. బయటికి వచ్చింది ఆ బరువైన శబ్దమే. పంపు దగ్గర బిందె నిండిన చప్పుడు వినిపించింది. కౌసర్ కాసేపు ఎదురుచూసి, మామూ చేతిలోని ఫోను తీసుకుని, తనే బొత్తాం వెతుక్కుని మళ్ళీ నొక్కింది.